గడువు పెట్టిందెవరు?

నరసాపురం,
ఆదివారం.

చి. బుజ్జికి అత్త ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. జవాబు కూడా అలాగే పంపిద్దామని ఫోను పట్టుకున్నాను గానీ, మాట్లాడటం మొదలుపెడితే నేను ఎక్కడికో వెళ్ళిపోతాను. పైగా పక్కనుంచి మీ మావయ్య అందిస్తుంటారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. తీరుబడి అయినప్పుడు చదువుకో. మీ నాన్నకి మాత్రం చూపించకు. "ఊలు ఉండల మీద ఇంత పురాణమా" అంటాడు.

మంచం కింద డబ్బాల నిండా ఊలు ఉందన్నావు. మొదలుపెట్టి వదిలేసిన దుప్పటి ఒకటి, ఒక చెయ్యి మాత్రమే ఉన్న స్వెట్టరు ఒకటి. రాత్రి భోజనమయ్యాక కాసేపు అల్లుకుందామని కూర్చుంటావు. ఏది బయటికి తియ్యాలో తేలదు, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో తేలదు, ఫోనులో డిజైన్లు చూస్తూ చూస్తూ నిద్రవేళ దాటిపోతుంది. ఇదంతా చెప్పి ఆఖర్న "నాకు ఏదీ పూర్తిచేసే బుద్ధి లేదత్తా" అన్నావు. అప్పటిదాకా నవ్వుకుంటూ విన్నదాన్ని, ఆ మాట దగ్గర కోపం వచ్చింది. బుద్ధి లేకపోవడమేంటి? ఆఫీసులో ఎవరో పెట్టిన గడువుకి, ఎవరికో కావలసిన పని రోజూ ముగించి వస్తున్నావు. ఇంటికొచ్చాక ఇంకో గడువు నీకు నువ్వే పెట్టుకుని, అది దాటిపోయిందని నిన్ను నువ్వే నిలదీసుకుంటున్నావు. ఆ రెండో గడువు నిన్ను ఎవరడిగారు?

నేనుండేది నరసాపురంలో కాబట్టి ఈ అల్లిక గురించి ఒక సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. మా ఊరి లేసు గురించి నీకు తెలిసిందల్లా నీ పెళ్ళికి దాచిన తెల్ల టేబుల్ క్లాత్ వరకే. 1840లలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ క్రోషా అల్లిక నేర్పారని చెబుతారు. తర్వాత వ్యాపారులొచ్చారు, ఎగుమతులొచ్చాయి. గడప దాటకూడదన్న ఇళ్ళలోనూ చేసుకోవచ్చు కాబట్టి గోదావరి ఒడ్డు పల్లెల్లో ఇంటింటికీ పాకింది. లక్షకి పైగా ఆడవాళ్ళు దీని మీద బతికారని అంచనా. ఏజెంటు వచ్చి దారం ఇచ్చి వెళ్తాడు, మళ్ళీ వచ్చి అల్లింది పట్టుకెళ్తాడు. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దండలు, ఫోటోలు అన్నీ అయ్యాయి.

ఆ ఫోటోల్లో లేని సంగతి మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త రాసింది. 1970ల చివర్లో ఆవిడ ఈ పల్లెల్లో తిరిగి, అల్లేవాళ్ళ పక్కన కూర్చుని, రోజుకి ఎన్ని గంటలు చేస్తున్నారో, చేతికి ఎంతొస్తోందో లెక్కకట్టింది. 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని 1982లో పుస్తకం వచ్చింది. వంటావార్పూ చూసుకుంటూనే రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీద కూర్చునేవారు. వచ్చేది రోజుకి రూపాయి కూడా కాదు. ఇంత తక్కువ ఎందుకిచ్చేవారంటే, అది పని కాదని అందరూ ఒప్పేసుకున్నారు. ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళు పొద్దుపోక చేసుకునేదని వ్యాపారులు అన్నారు, మొగుళ్ళు అన్నారు, చివరికి అల్లేవాళ్ళ నోటా అదే మాట. కాలక్షేపానికి కూలేమిటి మరి?

నీది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఇక్కడ పనిని పట్టుకుని కాలక్షేపమన్నారు. నువ్వు కాలక్షేపాన్ని పట్టుకుని పనిగా మార్చావు. లెక్క ఉంది, గడువు ఉంది, ఇంత నాణ్యత ఉండాలన్న పట్టు ఉంది, అందకపోతే చీవాట్లు ఉన్నాయి. ఒక్క కూలి మాత్రం లేదు. ఏజెంటు కూడా నువ్వే. మా ఊరి ఏజెంటు నీకన్నా నయం, దారమన్నా ఇచ్చేవాడు. నువ్వు దారం కూడా జీతంలోంచి కొనుక్కుంటున్నావు.

ఇప్పుడు నేను "చూడు, వాళ్ళెంత కష్టపడ్డారో, అన్నీ ఉండి నీకేం రోగం" అనబోతున్నానని అనుకుంటావేమో. ఆ మాట నేను అనను. ఇంకొకరి కష్టం చూపించి బెదిరిస్తే నీ చేతికి సూది రాదు, ఇంకో బరువు వస్తుంది అంతే. నేను చెప్పేది వేరు. ఆ ఆడవాళ్ళు తమ కోసం తాము అల్లుకునేటప్పుడు ఎలా అల్లుతారో నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, అది చెబుతాను.

ముందు రంగు. ఆర్డరు పనిలో వాళ్ళకి ఎంచుకునే బాధ లేదు. తెలుపు, లేదా మీగడ రంగు. అందుకే సొంతానికి అల్లేటప్పుడు ఇంట్లో ఏ దారం మిగిలితే అది పెట్టేస్తారు. ఎరుపు పక్కన ఊదా, ఊదా పక్కన చిలకపచ్చ. నీ ఫోనులో రంగుల చక్రం వేసి పాఠాలు చెప్పే పిల్ల చూస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది. మనవరాలి లంగాకి అంచు కట్టేస్తారు, అది వేసుకుని ఆ పిల్ల వీధంతా తిరుగుతుంది, అయిపోయింది. బాగుందా లేదా అన్న చర్చ ఆ లంగా దగ్గరికి రాదు. నీకు అంత ధైర్యం లేకపోతే ఒక చిన్న ఉపాయం చెబుతాను. అనుకున్న ఉండలన్నీ పక్కపక్కన పెట్టి ఫోనుతో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపు చెయ్యి. అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతే డిజైను కనబడదు. ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకటి నడిమిగా కనిపిస్తే ఏ రంగులైనా కలుస్తాయి. ఇంతకు మించి ఆలోచించాల్సింది ఏమీ లేదు. ఒక ఐదు నిమిషాల పని.

ఇక అసలు సంగతి, క్రోషాలో నువ్వు దేనికి జంకుతున్నావో నాకు అర్థం కావడం లేదు. మగ్గం వర్కు అయితే జంకాలి. పట్టు జాకెట్టు మీద సూది దిగిందంటే చిల్లు ఉండిపోతుంది. బట్ట కత్తిరించడమైతే ఒక అంగుళం పొరపాటుకి గుడ్డ మొత్తం పోతుంది. అక్కడ పదిసార్లు ఆలోచించడం తెలివి. క్రోషాలో ఒక కుట్టు అయ్యాక సూది మీద మిగిలేది ఒక్క ముడి. సూది తీసి దారం కొస లాగితే నెల రోజుల పని అయినా జరజరా వచ్చేస్తుంది, దారం దారంగానే మిగులుతుంది. ఇంత వెనక్కి రానిచ్చే చేతిపనులు తక్కువ. అలాంటిదాని ముందు కూర్చుని, అగ్రిమెంటు మీద సంతకం పెట్టేదానిలా తటపటాయిస్తావేంటే!

(వెల్వెట్ ఊలు, బొచ్చు ఎక్కువగా ఉన్న మొహెయిర్ ఊలు మాత్రం ఈ లెక్కలోకి రావు. విప్పితే వెల్వెట్ దానికి బొచ్చు రాలిపోతుంది, మొహెయిర్ దానికది చిక్కుపడిపోతుంది. ఫోటోల్లో చూసి మోజుపడి కొనుంటావు. రెండింటితోనూ సాదా అల్లిక తప్ప ఇంకేం పెట్టుకోకు.)

నాకు తోచింది చెప్పనా? నీ భయం తప్పు చేస్తానని కాదు. మంచి దారం పాడవుతుందని. ఆ మెరీనో ఊలు, సగం జీతం పోసి కొన్నానన్నావే, అది "దీనికి తగ్గ డిజైను దొరికినప్పుడు" అని పక్కన పెట్టావు. తగ్గ డిజైను ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే దాచిన కొద్దీ దాని విలువ నీ మనసులో పెరుగుతూ ఉంటుంది, ఏ డిజైనూ దానికి సరితూగదు. మా అత్తగారు పట్టుచీరలు ఇలాగే బీరువాలో దాచేవారు. మడతల దగ్గర జరీ నల్లబడి చిట్లిపోయాక ఇక కట్టుకోవడానికి లేకుండా పోయాయి. ఊలుకైతే చిమ్మటలు ఉన్నాయి, వాటికి నీ డిజైనుతో పనిలేదు. ముందు ఆ మెరీనో తియ్యి. దానితోనే ఒక జానెడు ముక్క అల్లి చూడు. నచ్చకపోతే విప్పు.

విప్పిన దారం వంకీలు తిరిగి ఉంటుంది, అది చూసి పాడైందనుకోకు. కుర్చీ వీపుకి చుట్టి చిలపలా కట్టు. నాలుగు చోట్ల వదులుగా దారంతో ముడెయ్యి. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, కిందికి కొంచెం బరువు తగిలించి నీడన ఆరబెట్టు. మళ్ళీ తిన్నగా అవుతుంది. నూలు దారానికైతే ఇంత కూడా అక్కర్లేదు, తడిపి ఆరేస్తే చాలు.

డిజైన్లు దాచడం గురించి కూడా ఒక మాట. ఫోనులో వందల కొద్దీ దాచుకున్నానని సిగ్గుపడుతూ చెప్పావు. సిగ్గెందుకు? డిజైన్లు ఏరుకోవడం ఒక సరదా, దారాలు కొనడం ఇంకో సరదా, అల్లడం మూడోది. మూడూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చింది ఈ గొడవంతా. ఒక డిజైను దాచిన ప్రతిసారీ దాన్ని అల్లుతానని మాటిచ్చినట్టు నీకు నువ్వే రాసేసుకున్నావు. తపాలా బిళ్ళలు పోగేసేవాడు వాటితో ఉత్తరాలు పంపాలనుకోడు కదా. నీకు ఏరుకోవడంలోనే సంతోషం ఉంటే ఏరుకో, కానీ ఆ పూట "ఇవాళ నేను డిజైన్లు చూశాను" అనుకుని పడుకో, "ఇవాళ కూడా అల్లలేదు" అనుకోకు. అయితే ఒకటి, దారాలు కొనే సరదాకి డబ్బవుతుంది. దానికి నెలకింత అని పెట్టుకుంటే నీ జీతానికి మంచిది. అది వేరే లెక్క, దాన్ని దీనిలో కలపకు.

పూర్తిచేయడం సంగతికి వస్తాను. ఒక్క మనిషి మొదలుపెట్టి ఆ మనిషే ముగిస్తేనే గొప్ప అని నీకెవరు చెప్పారో గానీ, ఈ పని పుట్టిన చోట ఆ పద్ధతి లేదు. నువ్వు దాచుకున్న ఆ టేబుల్ క్లాత్ ఎవరు అల్లారని అడిగావు ఒకసారి. ఒకరు కాదు. ఒకామె పూలు మాత్రమే అల్లుతుంది, రోజూ అవే పూలు. ఇంకో ఊళ్ళో ఇంకొకామె ఆ పూలన్నీ కూర్చి అతుకుతుంది, దాన్ని అతుకుపని అంటారు. పూలు అల్లినామె మొత్తం గుడ్డని ఎప్పటికీ చూడకపోవచ్చు. మనకే కాదు, అదే 1840లలో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి కరువు వచ్చినప్పుడు అక్కడి ఆడవాళ్ళకి బతుకుతెరువుగా నేర్పిన క్రోషా కూడా ఇలాగే నడిచింది. ఆకులు ఒకరు, గులాబీలు ఒకరు, వాటిని వల మీద కలిపేది మరొకరు. అది వ్యాపారం కోసం చేసిన విభజనే, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. ఒకే పువ్వు ఏళ్ళ తరబడి అల్లితే ఎలా ఉంటుందో నేను చూశాను. కానీ నీకు దానిలోంచి పనికొచ్చేది ఒకటుంది. ముక్క అల్లడంలో సంతోషం ఉన్నవాళ్ళకి అతకడంలో ఉండాలని లేదు. నీ డబ్బాలో ఎటూ కాని చదరపు ముక్కలు బోలెడున్నాయన్నావు చూడు, నీకు ముక్కలంటే ఇష్టం, వాటిని కలపడమంటే విసుగు. అది నీ తత్వం. దాన్ని పట్టుకుని లోపమంటావేంటి?

మరి ఆ సగం దుప్పటి ఏం చెయ్యాలి? నీ స్నేహితురాలి పాపాయి కోసం మొదలుపెట్టావు. ఆ పాపాయి ఇప్పుడు ప్లే స్కూలుకి వెళ్తోంది. దుప్పటి చూడగానే నీకు పాపాయి గుర్తురాదు, ఆలస్యం గుర్తొస్తుంది, అందుకే డబ్బా మూత తియ్యలేకపోతున్నావు. ముందు ఆ స్నేహితురాలికి ఫోను చేసి చెప్పెయ్యి, "దుప్పటి అల్లుతానన్నాను, అల్లలేదు, ఇక అల్లను" అని. ఆవిడ ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. తర్వాత ఆ ముక్కని నేల మీద పరిచి చూడు. ఎక్కడ ఆగిందో అదే దాని కొలత అనుకో. చుట్టూ ఒక వరస అంచు తిప్పితే కుర్చీ మీదికో, సోఫా చేతి మీదికో, పిల్లి ఉంటే పిల్లి కిందికో సరిపోతుంది. అది కూడా వద్దనిపిస్తే విప్పెయ్యి. విప్పడం ఓడిపోవడమని ఎవరూ అనలేదు. టీవీలో పాత సినిమా పెట్టుకుని ఉండ చుడుతూ కూర్చుంటే ఆ గంట ఎంత హాయిగా ఉంటుందో చూడు. ఒక చెయ్యి స్వెట్టరు మాత్రం నిర్మొహమాటంగా విప్పు. హైదరాబాదులో స్వెట్టరు ఏడాదికి ఎన్నాళ్ళు వేసుకుంటావు?

ఇకమీదట ఎవరికీ ముందే మాటివ్వకు. అల్లింది చేతిలో ఉంటే, ఎవరైనా ముచ్చటపడితే, అప్పటికప్పుడు ఇచ్చెయ్యి. మాటిచ్చి అల్లితే ప్రతి ముడిలోనూ వాళ్ళకి నచ్చుతుందో లేదో అన్న అనుమానం కూర్చుంటుంది.

అసలు ఈ బరువు కొత్తది కాదులే. మా కాలంలో ఇంకో రకంగా ఉండేది. పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి కుట్లు అల్లికలు వచ్చా" అని అడిగేవారు. వచ్చినా రాకపోయినా ముందు గదిలో ఏదో ఒకటి కనబడాలి. దిండు గలీబుల మీద కాడకుట్టుతో చిలకలు, రేడియో మీద క్రోషా గుడ్డ, ఆ తర్వాత టీవీ మీద, ఫ్రిజ్ మీద. గుమ్మానికి పూసల తెర. ప్లాస్టిక్ వైరు బుట్టలు. వారపత్రికల్లో కుట్లు అల్లికల పేజీ చింపి దాచుకోవడం. వాటిలో సగం ఎవరో చూస్తారని చేసినవే, సగం మాత్రం మధ్యాహ్నం అరుగు మీద నలుగురు కూర్చుంటే చేతులు ఊరికే ఉండలేక చేసినవి. పెళ్ళిచూపులకి చేసినవన్నీ పెళ్ళయ్యాక అటక ఎక్కాయి. అరుగు మీద నేర్చుకున్న వైరు బుట్ట మాత్రం నేను ఇప్పటికీ సంతకి పట్టుకెళ్తాను. దాని అడుగు వంకర. ఒకవైపు ఒరుగుతుంది. వంకాయలు అందులో బాగానే కూర్చుంటాయి.

నీ కాలానికి పెళ్ళిచూపులు పోయి ఫోను వచ్చింది. అల్లింది పెట్టడానికి ఒక పేజీ తెరిచావట, దానిలో ఎవరో "అమ్ముతారా" అని అడిగారట, నువ్వు ధర ఎంత పెట్టాలో తెలియక నిద్ర మానుకున్నావట. అమ్మడం తప్పు కాదు, మా ఊరంతా దాని మీదే నడిచింది. కానీ ఒక ప్రయోగం గురించి చదివాను, అది చెబుతాను. 1973లో అచ్చయిన ప్రయోగం అది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు, బొమ్మలు వెయ్యడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలని ఏరారు. కొందరికి "బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పారు. దానికి బంగారు ముద్ర, రిబ్బను కూడా ఉన్నాయి. కొందరికి ముందు చెప్పకుండా తర్వాత ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత, బహుమతి ఊసే లేకుండా రంగులు ముందు పెట్టి వదిలేస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్ళలో దాదాపు సగం సేపే వేశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లలకి మాత్రం ఇష్టం తగ్గలేదు. అంటే పాడుచేసింది బహుమతి కాదు, బహుమతి కోసం వేస్తున్నామన్న ఊహ. నువ్వు సూది పట్టుకోగానే ఎన్ని లైకులు వస్తాయో లెక్కేసుకోవడం దీని కిందికే వస్తుంది.

ధర సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దానిలో నీకు తెలియని మెలిక ఉంది. స్వెట్టర్లు అల్లే మిషన్లు ఉన్నాయి గానీ, క్రోషాని క్రోషాలాగే అల్లే మిషను ఫ్యాక్టరీల్లో ఎక్కడా లేదు. మిషను మీద వచ్చేది దాన్ని పోలిన ఇంకో అల్లిక. కాబట్టి మాల్లో ఐదారు వందలకి దొరికే క్రోషా టాపు నిజంగా క్రోషాయే అయితే, దాన్ని ఎవరో ఒకామె చేత్తోనే అల్లింది. ఆ ఐదారు వందల్లో ఆవిడకి ఎంత దక్కిందో ఊహించుకో. ఆ ధరతో నీ ధర పోల్చుకుంటే నువ్వు ఎప్పటికీ గెలవలేవు, గెలవకూడదు కూడా. అమ్మదలుచుకుంటే వ్యాపారంగా అమ్ము. గంటకింత అని కట్టుకో, ఒకటి రెండు రకాలు మాత్రం పెట్టుకో, దానికి వేరే దారం, వేరే సంచి, వేరే వేళ. అలా కుదరదంటే "ఇది అమ్మకానికి కాదండీ" అని ఒక్క ముక్క రాసి ఊరుకో. పేజీ మూసేసినా కొంపలు మునగవు.

ఇంకొకటి మొహమాటపడకుండా చెబుతాను. నీకు ఈ క్రోషా నిజంగా ఇష్టమేనా? లాక్‌డౌన్‌లో అందరూ పట్టారు, నువ్వూ పట్టావు. అప్పుడు నీకు అవసరమైంది, చేతికి ఆసరా అయింది. ఇప్పుడు అవసరం తీరిపోయి ఉండొచ్చు. తీరిపోతే వదిలెయ్యి. కొన్నాళ్ళు చేసి వదిలేసింది వృథా అనడం నాకు నచ్చదు. నువ్వు చిన్నప్పుడు మూడేళ్ళు కూచిపూడి నేర్చుకున్నావు, ఇప్పుడు ఆడటం లేదు, అయినా నీ నడక చూస్తే తెలుస్తుంది. సూదులు అమ్మెయ్యి, ఊలు మీ అపార్ట్‌మెంటులో ఆయాకో, వాచ్‌మన్ భార్యకో, ఎవరికి ఆసక్తి ఉంటే వాళ్ళకి ఇచ్చెయ్యి. లేదూ, ఇష్టం ఉంది, బరువే వద్దు అనుకుంటే మంచం కిందున్న డబ్బాల్లోంచి ఒక్క చిన్న సంచిలోకి పట్టేంత దారం తీసి, మిగతాది అటక మీద పెట్టించు. కంటికి కనబడేది తక్కువైతే ఎంచుకునే బాధా తక్కువే. మణికట్టు లాగుతోందని అన్నావు కూడా. లాగినప్పుడు ఆపాలి, "ఈ వరస అయ్యాక" అనకూడదు. ఇక్కడ చాలామందికి ఆ ఒక్క వరసే చేతులు పాడుచేసింది, చూపు కూడా. 40 నంబరు తెల్లదారం, పక్కన కిరసనాయిలు దీపం, రేపు ఏజెంటు వస్తాడు. వాళ్ళకి ఆపే వీలు లేదు. నీకుంది కదా, వాడుకో.

ఏం అల్లాలో ఈ వారం తేలకపోతే నేనే చెబుతాను. చెంబు కిందకో, గ్లాసు కిందకో పెట్టుకునే గుండ్రటి ముక్క. మధ్యలో ఆరు చైన్ల ఉంగరం, చుట్టూ ట్రిబుల్స్, వరస వరసకీ సంఖ్య పెంచుకుంటూ పో. పెంచడం తక్కువైతే గిన్నెలా లేస్తుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళలా వంకీలు తిరుగుతుంది. రెండూ అయినా గ్లాసు కింద అణిగిపోతుంది. ఒక్క విడతలో అయిపోతుంది కాబట్టి అయిందా లేదా అన్న పేచీ ఉండదు. దాని ఫోటో నాకు పంపక్కర్లేదు, ఎవరికీ పంపక్కర్లేదు.

ఇక్కడ అందరం కులాసా. మీ మావయ్యకి మోకాళ్ళ నొప్పులు మామూలే. వానలు మొదలయ్యాయి, గోదారి ఎర్రబడింది. దసరాకి నువ్వు వస్తావని మీ అమ్మ చెప్పింది, బుకింగు మొదలవగానే టిక్కెట్టు తీసుకో, తర్వాత నరసాపురం బండిలో దొరకదు.

ఆ చదరపు ముక్కలన్నీ మాత్రం ఒక సంచిలో పోసి కొరియర్లో పడెయ్యి. ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకు, రంగులు విడదీయకు, ఇస్త్రీ చెయ్యకు. మా వెనక వీధిలో అతుకుపని చేసే ఆవిడ ఉంది, నీకు ఎంత పెద్దది వస్తే అంత పెద్దది కూర్చి పెడుతుంది. ఆవిడ అడిగిన కూలి నువ్వే పంపాలి, బేరమాడకుండా.

నీ
అత్త